మజూరీలో వారం రోజులు: ఉత్తరం సరస్సులా, దక్షిణం సరస్సులా?

"పోలండ్‌లోని మజూరీ సరస్సుల మీద వారానికి సెయిల్‌బోటు తీసుకుంటున్నాం. గిజిత్స్కోలో ఎక్కితే మంచిదా, మికొవాయ్‌కిలో ఎక్కితే మంచిదా?" వేసవి దగ్గరపడితే చాలు, వార్సాలోనో బెర్లిన్‌లోనో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు అడిగేది ఇదే. జవాబు చెప్పేవాళ్లు ఎక్కువగా అందాలు పోలుస్తారు. అందానికేం, రెండు చోట్లా అడవి ఉంది, హంసలున్నాయి, సూర్యాస్తమయాలున్నాయి. తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది: శుక్రవారం సాయంత్రానికి, ఏ గాలి వీస్తున్నా, బయల్దేరిన రేవుకు తిరిగి చేరగలమా?

అక్కడి అద్దెలు దాదాపు అన్నీ శనివారం నుంచి శనివారానికే. మొదటి శనివారం మధ్యాహ్నం మూడు నాలుగింటికి పడవ చేతికిస్తారు, తర్వాతి శనివారం పొద్దున తొమ్మిది పదింటికల్లా కడిగి అప్పగించాలి. అంటే శుక్రవారం రాత్రి రేవులోనే పడుకోవాలి. చేతిలో ఉండేది ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆరు రోజులు. అందులో ఒక రోజు గాలి అసలు లేకో, మరీ ఎక్కువై కదల్లేకో పోతుందని ముందే రాసుకోవాలి. కాబట్టి ఐదు రోజుల ప్లానే వేయాలి. ఆరింటికీ ప్లాన్ వేసుకున్నవాళ్లే శుక్రవారం మధ్యాహ్నం ఎదురుగాలిలో ఇంజన్ మీద పడి ఏడుస్తుంటారు.

మ్యాపు చూస్తే మజూరీ సరస్సుల గొలుసు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పైన వెంగోజెవో, నడుమ గిజిత్స్కో, కింద మికొవాయ్‌కి, అట్టడుగున రుచానె-నిదా. నీటి మీద వెంగోజెవో నుంచి గిజిత్స్కోకు సుమారు 26 కి.మీ., అక్కణ్నుంచి మికొవాయ్‌కికి 38 కి.మీ. వరకు, ఆ తర్వాత రుచానెకు మరో 19. గాలి ఎక్కువ రోజులు పడమర నుంచి వస్తుంది. గొలుసు వెంట పైకి వెళ్లినా కిందికి వచ్చినా అది పక్కగాలే. సెయిల్‌బోటుకు అంతకంటే హాయి లేదు. ఈ లెక్క తప్పేది ఒక్క చోట, తూర్పు పడమరలుగా పరుచుకున్న శ్నార్ద్వి సరస్సులో. కథంతా అక్కడే ఉంది.

ఉత్తరం: గిజిత్స్కో నుంచి

కిసాయ్నో, దార్గిన్, దోబ్స్కియె, మామ్రి సరస్సులు, చివర వెంగోజెవో. రోజుకు 12 నుంచి 18 కి.మీ. వేసుకుంటే పోయి రావడానికి నాలుగున్నర రోజులు సరిపోతాయి. ఆదివారం కిసాయ్నో దాటి ష్టినోర్ట్. సోమవారం ష్టినోర్ట్ వంతెన కింద నుంచి మామ్రి మీదుగా వెంగోజెవో. మంగళవారం ఖాళీ, గాలి చెడే రోజు కోసం. బుధవారం తిరిగి దార్గిన్. గురువారం దోబ్స్కియె. శుక్రవారం ఇల్లు చేరినట్టే, ఎందుకంటే దోబ్స్కియె నుంచి గిజిత్స్కోకు సగం పూట చాలు. గాలి మొరాయిస్తే వెంగోజెవోను కోసేసి మామ్రి నుంచే వెనక్కి తిరగొచ్చు. ఏ రోజైనా మధ్యలో ఆపేసి వెనుదిరిగే వీలు ఈ దారికి ఉంది. నా ఓటు ఇటు పడటానికి పెద్ద కారణం అదే.

దోబ్స్కియె నిశ్శబ్ద మండలం, అక్కడ పెట్రోలు ఇంజన్ వేయకూడదు. దార్గిన్ నుంచి లోపలికి దారి పడమరకు, అంటే మామూలు రోజున ఎదురుగాలిలో తెరచాపతోనే టాక్ చేసుకుంటూ (అటూ ఇటూ వంకరగా మలుపులు తిరుగుతూ) వెళ్లాలి. ముఖద్వారం దగ్గరి కొమ్ము చుట్టూ రాళ్లున్నాయి, మూల కోయకుండా బోయల (నీటి మీద తేలే గుర్తుల) బయట నుంచే తిరగాలి. బయటికి రావడం మాత్రం గాలి వీపున పెట్టుకుని సులువుగా అయిపోతుంది. దోబ్స్కియెను గురువారానికి పెట్టుకోమనేది అందుకే. శుక్రవారం గాలి బొత్తిగా లేకపోతే ఆ సరస్సులోనే ఇరుక్కుంటారు కదా అంటారేమో. నిజమే, గురువారం వాతావరణ సూచనలో మర్నాటికి గాలి లేదని ఉంటే లోపల రాత్రి ఉండకండి.

ఇక గిజిత్స్కో రేవుల్లో ఒక మెలిక ఉంది. ఊరు రెండు సరస్సుల మధ్య ఉంది: ఉత్తరాన కిసాయ్నో, దక్షిణాన నియెగొచిన్. రెంటినీ కలిపే వూచాన్స్కి కాలువ మీద చేత్తో తిప్పే పాత వంతెన ఉంది, అది నిర్ణీత వేళల్లోనే పడవలకు తెరుచుకుంటుంది. పక్కనున్న తాయ్తీ సరస్సు గుండా వెళ్లే చుట్టుదారిలో ఆ వంతెన తగలదు గానీ మాస్ట్ (తెరచాప స్తంభం) దించక తప్పదు. ప్రకటనలో "గిజిత్స్కో" అని ఉందని బుక్ చేసుకుంటే, రేవు నియెగొచిన్ వైపు తేలిందంటే, ఉత్తరానికి వెళ్లేవాళ్లకు మొదటి పొద్దునా చివరి సాయంత్రమూ కాలువలోనే పోతాయి. ఉత్తరం చుట్టి రావాలంటే రేవు కిసాయ్నో ఒడ్డున ఉందా అని అడిగి తీసుకోండి.

దక్షిణం: మికొవాయ్‌కి నుంచి

దక్షిణానికి ఉన్న అసలు సుఖం చాలామందికి తట్టదు. మికొవాయ్‌కి వంతెనలకు దిగువనున్న రేవులో ఎక్కితే మికొవాయ్‌స్కియె, బెవ్దానీ, శ్నార్ద్వి మొత్తం ఒక్క వంతెన కూడా తగలకుండా తిరగొచ్చు. వారమంతా మాస్ట్ దించే పనే లేదు. హుస్సేన్‌సాగర్‌లో డింగీల (చిన్న తెరచాప పడవల) మీద నేర్చుకుని, క్యాబిన్ ఉన్న పడవను మొదటిసారి నడపబోయేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఊళ్లో రాత్రి సందడి కూడా ఎక్కువ, అది మీకు కావాలో వద్దో మీరే చెప్పాలి.

బెవ్దానీ సన్నగా పొడుగ్గా ఉంటుంది, రెండు వైపులా ఎత్తయిన అడవి. గాలి చెట్ల మీంచి దూకి ఉన్నట్టుండి కొడుతుంది, మరుక్షణం ఆగిపోతుంది. షీట్ (తెరచాపను అదుపు చేసే తాడు) కట్టేసి కూర్చోవడం కుదరదు, చేతిలోనే ఉండాలి. వ్యేజ్బా దగ్గర తాడు పట్టుకుని నడిచే ఫెర్రీ ఉంది. అది కదులుతున్నప్పుడు దాని ముందు నుంచో వెనుక నుంచో దగ్గరగా దాటితే నీళ్లలోని తాడు చుక్కానికి తగలొచ్చు, అది ఒడ్డు చేరేదాకా ఆగండి. చివర గుజ్యాంకా లాకు, అంటే నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే గేట్ల గది. రుచానె వైపు నీరు రెండు మీటర్లు ఎత్తు. 2020లో పక్కనే రెండో లాకు తెరిచాక ఎదురుచూపు తగ్గింది గానీ జులై, ఆగస్టు వారాంతాల్లో గంట దాకా అదనంగా పెట్టుకోవడం మేలు. లాకు దాటాక రుచానె వంతెనలకు మాస్ట్ దించాలి, ఆ పైన ఉన్న నిద్స్కియె సరస్సు కూడా నిశ్శబ్ద మండలమే. నిద్స్కియె అందం కోసం వెళ్లేవాళ్లు దానికి పూర్తిగా రెండు రోజులు ఇవ్వాలి, లేదా గుజ్యాంకా దగ్గరే వెనక్కి తిరగాలి.

ఇప్పుడు శ్నార్ద్వి. 113 చదరపు కి.మీ., పోలండ్‌లోకెల్లా పెద్దది, హుస్సేన్‌సాగర్‌కు ఇరవై రెట్లకు పైనే. అంత విస్తీర్ణానికి సగటు లోతు మాత్రం దాదాపు ఆరు మీటర్లే. లోతు తక్కువ, గాలికి పరుగెత్తే నిడివి ఎక్కువ కాబట్టి అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. ఒకటి దిగేలోపే ఇంకోటి ముక్కు మీద పడుతుంది, పడవ వేగం చచ్చిపోతుంది. ఒడ్డుకు చాలా దూరంలో, లంకల చుట్టుపక్కల కూడా రాళ్లూ మేటలూ ఉన్నాయి. సెంటర్‌బోర్డు (పడవ అడుగున దించే పలక) పైకెత్తితే పడవకు 40 సెం.మీ. నీళ్లు చాలని ధీమాగా, ప్రమాదం ఏ వైపుందో చెప్పే కార్డినల్ బోయల లోపలికి వెళ్లకండి. ఎదురుగాలిలో బోర్డు దించే ఉండాలి, అప్పుడు ఒకటిన్నర మీటరు కావాలి.

మికొవాయ్‌కి నుంచి తూర్పు చివరనున్న ఓకార్తోవోకు పడమటి గాలిలో పోవడం సులువు, వీపున గాలి, రెండున్నర గంటల్లో చేర్చేస్తుంది. రావడంతోనే చిక్కు. తిన్నగా 20 కి.మీ. దూరం, టాక్ చేస్తే కనీసం 28 అవుతుంది. బోఫోర్టు గాలి కొలమానంలో నాలుగో స్థాయి గాలిలో, ఆ పొట్టి అలలో, 24 అడుగుల పడవ గంటకు ఐదు కిలోమీటర్లు ముందుకు సాగితే గొప్ప. ఇంజన్ వేద్దామంటే అవుట్‌బోర్డు వెనక వేలాడుతుంటుంది, ముక్కు దిగినప్పుడల్లా ప్రొపెల్లర్ గాల్లోకి లేచి గిర్రుమంటుంది. ఓకార్తోవోనూ నోవె గుతినీ ఆది, సోమవారాల్లోనే ముగించి, బుధవారం రాత్రికల్లా శ్నార్ద్వి పడమటి ఒడ్డుకు వచ్చేసే ప్లాన్ అయితే దక్షిణం కూడా మంచిదే. గురువారం రాత్రి తూర్పు ఒడ్డున ఉండటం మాత్రం జూదం.

రెండూ కలిపి చూసేద్దామంటే?

ఇంటికి వెళ్లాక ఫొటోలు చూపించుకోవడానికి బాగుంటుంది. గిజిత్స్కో, మికొవాయ్‌కిల మధ్య 38 కి.మీ.లో కాలువలు మళ్లీ మళ్లీ తగులుతాయి, వాటిలో తెరచాప లేదు, ఇంజనే. దారంతా ఇంజన్ మీదే పోతే గంటకు ఎనిమిది కి.మీ. చొప్పున ఐదు గంటలు, ఎనిమిది నుంచి పది లీటర్ల పెట్రోలు. మాస్ట్ దించి ఎత్తడానికి పోయే సమయం అదనం. వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, ఉన్న ఐదింటిలో రెండు మోటారు శబ్దంలో పోయాయి. పది రోజుల సెలవుంటే తప్ప నేను ఒప్పుకోను. ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగే ఏర్పాటు చేసే కంపెనీలు ఉంటే, అదనపు రుసుము ఎంతైనా, అది వేరే మాట.

ఉత్తరం ఎంచుకుంటే ష్టినోర్ట్ వంతెన కోసం పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మాస్ట్ దించాలి. భయపడేంత పని కాదు, వరస తప్పకపోతే చాలు. వంతెనకు అర కిలోమీటరు ముందే, అలలేని చోట, వీలైతే ఒడ్డున కట్టేసి చేయండి. మాస్ట్ ముందున్న తెరచాపను చుట్టి తాడుతో బిగించాలి. పెద్ద తెరచాప దించి బూమ్‌ను (దాని అడుగున ఉండే అడ్డకర్రను) మాస్ట్ నుంచి తీసి పక్కన పెట్టాలి. వెనక మాస్ట్ ఆనే స్టాండును నిలబెట్టాలి. బూమ్‌ను పట్టి ఉంచే తాళ్లు, హాలియార్డులు (తెరచాపల్ని ఎత్తే తాళ్లు), వెనక స్టే (మాస్ట్‌ను నిలబెట్టే తీగ) అన్నీ వదులు చేశాక ఒకరు పడవ ముందువైపు కప్పీ తాడును క్లీటులోంచి (తాడు బిగించే కొక్కెంలోంచి) తీసి, దాన్ని ఒక చుట్టు వేసి ఉంచుకుని మెల్లగా వదలాలి. రెండో మనిషి వెనక మాస్ట్‌ను చేతులతో అందుకోవాలి. మూడో మనిషి పని ఒక్కటే: ఫర్లర్ డ్రమ్మునూ (ముందు తెరచాపను చుట్టే చక్రాన్నీ) పక్క స్టేలనూ చూస్తూ, ఏదైనా పట్టేస్తే "ఆగు" అనడం. డిపాజిట్ పోయేది ఎక్కువగా అక్కడే. డ్రమ్ము డెక్కు అంచుకు తట్టి ఫాయిల్ (తెరచాప చుట్టుకునే లోహపు పట్టీ) వంగుతుంది, లేదా ఒక స్టే కిటికీ కొక్కేనికి తగులుకుని ఆ బరువుకు తెగుతుంది. క్లీటులోంచి తాడు ఒక్కసారిగా జారితే మాస్ట్ పడేది క్యాబిన్ కప్పు మీద, కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ల మీద. పిల్లల్ని లోపలికి పంపించాకే మొదలుపెట్టండి.

అడవి ఒడ్డున రాత్రి ఆగడానికి వెనక లంగరు, ముందు చెట్టు. ఒడ్డుకు పాతిక మీటర్ల దూరంలో లంగరు వెనక నుంచి వేసి, తాడు వదులుతూ నెమ్మదిగా రండి. సెంటర్‌బోర్డు ముందు, చుక్కాని పలక తర్వాత పైకెత్తండి. పలక మరిచిపోవడం వల్లే రాళ్లకు తగిలి విరిగేవి ఎక్కువ. గాలి ఒడ్డు వైపు వీస్తుంటే ఆ చోటు వదిలేయండి, రాత్రి లంగరు జారితే పడవ రాళ్ల మీదే తేలుతుంది.

2007 ఆగస్టు 21న ఇక్కడ ఉన్నట్టుండి విరుచుకుపడిన పెనుగాలికి 12 మంది చనిపోయారు. ఆ తర్వాత, 2011లో, సరస్సుల వెంట 17 హెచ్చరిక స్తంభాలు పెట్టారు. పసుపు రంగు దీపం నిమిషానికి 40 సార్లు మెరిస్తే తయారుగా ఉండమని, 90 సార్లు మెరిస్తే ప్రమాదం నెత్తి మీద ఉందని. 90 కనిపిస్తే రీఫ్ (తెరచాపను కొంత మడిచి తగ్గించడం) గురించి ఆలోచించకండి, తెరచాపలన్నీ దించి, లైఫ్‌జాకెట్లు వేసుకుని, దగ్గరి ఒడ్డు పట్టుకోండి. ఉత్తరాన దగ్గరి ఒడ్డు ఎప్పుడూ ఒక కిలోమీటరో రెండో, శ్నార్ద్వి నడిమధ్యలో అలా ఉండదు. నీటి మీది సహాయానికి నంబరు 601 100 100, 112 కూడా పనిచేస్తుంది.

మజూరీ బయటి సరస్సుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పోలండ్‌లోని యెజ్యోరాక్ సరస్సు పొడవు 27 కి.మీ., ప్రశాంతంగా ఉంటుంది, మొదటిసారి వెళ్లే కుటుంబానికి నాలుగు రోజులకు చాలు. జర్మనీలోని మ్యూరిత్స్ వైపు లాకులూ హౌస్‌బోట్లూ ఎక్కువ, తెరచాప కోసం అంత దూరం పోనక్కర్లేదు.

బుక్ చేసే ముందు కంపెనీని అడగాల్సినవి: రేవు ఏ సరస్సు ఒడ్డున ఉంది, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్, మాస్ట్ దించే ఫ్రేము పడవకే బిగించి ఉందా, డిపాజిట్‌కు బీమా ఉందా. హల్ పొడవు 7.5 మీటర్లు దాటకపోతే పోలండ్‌లో సెయిల్‌బోటుకు లైసెన్సు అక్కర్లేదు, నలుగురికి ఆ సైజు చాలు. అంతకంటే పెద్దది కావాలంటే మీ దగ్గరున్న సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో ఈమెయిల్‌లో రాయించుకోండి. జూన్‌లో వెలుతురు రోజుకు పదిహేడు గంటలు, రేవులు ఖాళీగా ఉంటాయి, అద్దె తక్కువ. జులై, ఆగస్టుల్లో ష్టినోర్ట్‌లోనూ మికొవాయ్‌కిలోనూ సాయంత్రం నాలుగు దాటితే కట్టేసుకోవడానికి చోటు దొరకదు.