కోప్ వారి ఆథర్‌షిప్ ఫ్లోచార్టులు: ఐదుకి మూడున్నర

నిరుడు మా పేపర్ రివిజన్ పంపాక జర్నల్ నుంచి ఆథర్లందరికీ ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. చూస్తే నా పేరు రెండోది. మొదట ఎవరో కొత్తాయన. ఆయన్ని మా ల్యాబ్‌లో సార్‌తో టీ తాగుతుండగా రెండుసార్లు చూశాను, అంతే. రెండేళ్లు రాగిపిండి జల్లించి, పిపెట్ పట్టి బొటనవేలు నొప్పి తెచ్చుకున్నది నేను.

సార్‌ని అడిగితే, "ఎందుకమ్మా టెన్షన్, వచ్చే పేపర్‌లో చూద్దాంలే" అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో కోప్ వెబ్‌సైట్ తెరిచాను. కోప్ అంటే కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్ (COPE), 1997లో బ్రిటన్‌లో మెడికల్ జర్నళ్ల ఎడిటర్లు పెట్టుకున్న సంస్థ. ఆథర్ల పేర్లు మారితే ఎడిటర్ ఏం చేయాలో వరసగా చెప్పే ఈ చార్టులు ఉచితం. పేపర్ అచ్చు కాకముందు పేరు చేర్చితే ఒకటి, తీసేస్తే ఒకటి, అచ్చయ్యాక అయితే వేరేవి. నాకు కావలసిన చార్ట్‌లో మాట సూటిగా ఉంది: ఎందుకు చేర్చారో అడగాలి, ఆథర్లందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా తేలేదాకా పేపర్ ఆపాలి. దాన్నే జతచేసి ఎడిటర్‌కి ఆరు లైన్ల మెయిల్ రాశాను. ఏడుపూ తిట్లూ లేకుండా రాయగలిగానంటే ఆ చార్ట్ పుణ్యమే.

ఇక ఒకటిన్నర ఎందుకు కోశానంటే, ఎవరు ఆథరో జర్నల్ తీర్పు చెప్పదు. తేలకపోతే మీ సంస్థకే పంపుతుంది. మా సంస్థ అంటే కమిటీ, ఆ కమిటీలో మా సారే సభ్యులు! కోప్‌కి నేరుగా ఫిర్యాదు చేద్దామంటే, సభ్య జర్నల్ పద్ధతి పాటించిందా లేదా అన్నదే వాళ్లు చూస్తారు, మన గొడవ తీర్చరు.

నన్ను గట్టెక్కించింది క్రెడిట్ (CRediT) అనే పట్టిక. అందులో పని 14 రకాలు, ఎవరు ఏది చేశారో రాయాలి. ఎడిటర్ నింపమని అడిగితే కొత్తాయన పేరు పక్కన 'రివ్యూ, ఎడిటింగ్' ఒక్కటే మిగిలింది. నా వైపు తేదీలతో సహా ల్యాబ్ నోట్‌బుక్ ఉంది. పేపర్ నాలుగు నెలలు ఆగి, చివరికి నా పేరు మొదట, ఆయనది మూడోదిగా వచ్చింది. మూడోది మాత్రం ఎందుకని నాకిప్పటికీ మంటే.

ఈసారి కొత్త పేపర్ మొదలుపెట్టిన రోజే ఆ పట్టిక నింపి సార్‌కి మెయిల్ చేశాను. మూడు వారాలైంది, రిప్లై లేదు.