భక్తి ఉన్న నర్సా, భక్తి లేని నర్సా: ఎవరు మేలు?

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. "మేడమ్, మంచి నర్సు కావాలంటే దేవుడి మీద నమ్మకం ఉండాలా?" కొందరు 'ఉండి తీరాలి' అనే జవాబు వినాలని అడుగుతారు. కొందరు తమకు నమ్మకం లేదని ఎవరికీ చెప్పుకోలేక, భయం భయంగా అడుగుతారు. ఈమధ్య పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. క్లాసులో రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్లిపోవడం నాకే తృప్తిగా లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్ముతాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టకముందు చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, ఎక్కువ కాలం క్యాన్సర్ వార్డులో. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థించకుండా ఏ రోజూ డ్యూటీ ఎక్కలేదు.

భక్తి వైపు చరిత్ర బలంగానే ఉంది. నర్సును 'సిస్టర్' అని పిలిచే మాటే క్రైస్తవ మఠాల నుంచి వచ్చింది. 1633లో ఫ్రాన్సులో విన్సెంట్ డి పాల్, లూయిజ్ డి మారియాక్ మొదలుపెట్టిన డాటర్స్ ఆఫ్ ఛారిటీ సోదరీమణులు మఠం గోడల మధ్య ఉండిపోకుండా పేద రోగుల ఇళ్లకే నడిచి వెళ్లారు. 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో థియోడర్ ఫ్లీడ్నర్ అనే పాస్టర్ స్త్రీలకు రోగుల సేవ నేర్పే సంస్థ పెట్టారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో శిక్షణ పొందింది అక్కడే. ఇస్లాం సంప్రదాయంలో తొలి నర్సుగా రుఫైదా అల్ అస్లమియా పేరు చెబుతారు. జీతం, గౌరవం రెండూ అంతంతమాత్రంగా ఉన్న కాలంలో అంటురోగం వచ్చినవాడి పక్కన కూర్చోవడానికి ఎంతోమందిని కదిలించింది భక్తే.

ఇప్పటికీ అది చేసే మేలు ఒకటుంది. ఒకే షిఫ్టులో ఇద్దరు పోయారనుకోండి. వాళ్ల ఒళ్లు తుడిచి, బట్టలు సర్ది, ఇంటివాళ్లకు అప్పగించి, చేతులు కడుక్కుని మూడో మంచం దగ్గరికి నవ్వుమొహంతో వెళ్లాలి. ఆ బరువంతా ఇంటికి మోసుకెళ్లాక దించుకోవడానికి ఒక చోటు కావాలి. నాకు ఆ చోటు ప్రార్థన. నమ్మకం లేని సహోద్యోగులు కూడా తమ చోటు తాము వెతుక్కున్నారు. ఒకామె డ్యూటీ దిగాక గంట నడిచేది, ఇంకొకామె అక్కతో ఫోన్‌లో మాట్లాడేది. కానీ భక్తి ఉన్నవాళ్లకు ఆ చోటు ముందే సిద్ధంగా ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. ఈ ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక రెండో వైపు. తనంతట తాను కదల్లేని పేషెంటును రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. తిప్పే నర్సు ఏ దేవుణ్ణి మొక్కుతుందో చర్మానికి తెలియదు. సరైన పేషెంటు, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటి ద్వారానా, సూది ద్వారానా), సరైన సమయం అనే అయిదింటినీ చూసుకోవడం శ్రద్ధకూ అలవాటుకూ సంబంధించిన పని. నైటింగేల్‌కు ఈ విషయం బాగా తెలుసు. పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మిన మనిషి ఆమె. అయినా 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరు మీద మొదలైన నర్సింగ్ స్కూలును ఏ మత శాఖకూ అప్పగించలేదు. తన భక్తిని తన దగ్గర ఉంచుకుని, వృత్తికి పునాదిగా శిక్షణను వేశారు.

'భక్తి ఉంటే జాలి ఎక్కువ ఉంటుంది కదా' అంటారు. ఉండొచ్చు. కానీ 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ఒక ప్రయోగం గుర్తుకొస్తుంది. పాల్గొన్నవాళ్లు మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులు. వాళ్లను ఒక ప్రసంగం కోసం ఇంకో భవనానికి పంపారు, దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ కనిపించేలా ఏర్పాటు చేశారు. తొందర లేదని చెప్పినవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. బాగా ఆలస్యమైందని చెప్పినవాళ్లలో ఆగింది 10 శాతం. కొందరు మాట్లాడబోతున్నది దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మనిషి గురించి బైబిల్ చెప్పే కథ గురించే. వాళ్లది ఎలాంటి భక్తి అన్నది ఆగుతారా లేదా అన్నదాన్ని తేల్చలేదు, తొందరే తేల్చింది.

ఒక నర్సు చేతికి పన్నెండు మంది పేషెంట్లను అప్పగించి, ఆమెలో కరుణ లేదనడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి అర్థమవుతుంది. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల లెక్కలు తీసి చూపించింది: ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంటు పెరిగిన కొద్దీ, సర్జరీ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఇది చదివినప్పటి నుంచి, 'మా దగ్గర నర్సులకు సేవాభావం ఉండాలి' అని ఉపన్యసించే యాజమాన్యాలను చూస్తే నాకు కోపం వస్తుంది. ముందు మనుషుల్ని పెంచండి, సేవాభావానికి ఆగే తీరిక దొరుకుతుంది.

ఇంతవరకూ చూస్తే రెండు వైపులా సమానమనిపించవచ్చు. నా దృష్టిలో అసలు విషయం ఇంకా రాలేదు. మంచం పక్కన ముఖ్యమైన నమ్మకం నర్సుది కాదు, పేషెంటుది. దానికి చోటు ఇవ్వగలదా లేదా అన్నదే నర్సును మంచి నర్సును చేస్తుంది. ఇది నాకు పుస్తకం నేర్పలేదు.

ఒక రాత్రి, మూడు దాటి ఉంటుంది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేనేం పాపం చేశానని నాకీ జబ్బు?" అని అడిగింది. నేను వెంటనే, "అలా అనకండమ్మా, దేవుడు తనవాళ్లనే పరీక్షిస్తాడు. ఆయన్ని తలుచుకోండి, ఓర్చుకునే శక్తి ఇస్తాడు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె చెయ్యి వదిలేసి అటువైపు తిరిగి పడుకుంది. ఓదార్చానని అనుకుంటూ నేను వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నాతో డ్యూటీలో ఉన్న అమ్మాయికి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. ఆ సంగతి దాచుకునేది కాదు, చాటుకునేదీ కాదు. ఆమె స్టూలు లాక్కుని పెద్దావిడ పక్కన కూర్చుంది. "ఏం పాపం అనుకుంటున్నారమ్మా?" అని అడిగింది. అంతే. పెద్దావిడ చాలాసేపు ఏమీ అనలేదు, ఈ అమ్మాయీ కదలలేదు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటికొచ్చింది. నలభై ఏళ్ల కిందట పోయిన బిడ్డ, ఆ రోజు తను చేసిన ఆలస్యం, అప్పటి నుంచి ఎదురుచూస్తున్న శిక్ష. ఈ నొప్పే ఆ శిక్ష అనుకుంది కాబట్టి రెండు రోజులుగా నొప్పి ఎంత ఉందని అడిగినప్పుడల్లా 'పర్వాలేదు' అంటూ వచ్చింది. అనుభవించేస్తే తీరిపోతుందని.

అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆమెకు నొప్పి పదికి ఎనిమిది ఉంది. డాక్టర్‌కు ఫోన్ చేస్తున్నాను" అంది. అంతకు రెండు గంటల ముందు చార్టులో 'రెండు' అని రాసింది నేనే.

ఆ ఆవిడ భక్తి భాష నాకు వచ్చు, ఆ అమ్మాయికి రాదు. అయినా వినగలిగింది ఆమే. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండటం వల్ల ప్రశ్న పూర్తిగా వినలేకపోయాను. ఓర్చుకోమని నేను చెప్పిన మాట, ఆవిడ తనకు తాను వేసుకున్న శిక్షకు నా ముద్ర కూడా వేసినట్టయింది. ఈ ఒక్క విషయం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) స్థాపించిన సిసిలీ సాండర్స్ 'సంపూర్ణ వేదన' అనే మాట వాడారు. శరీరం నొప్పి, మనసు నొప్పి, కుటుంబం గురించిన దిగులు, 'ఎందుకిలా' అనే ఆత్మ వేదన, ఇవి విడివిడిగా ఉండవని, ఒకటి ఇంకోదాన్ని పెంచుతుందని ఆమె చెప్పారు. ఆమె గాఢమైన క్రైస్తవ విశ్వాసి. అయినా ఆ హాస్పిస్ ఏ మతం వాళ్లనైనా, ఏ మతమూ లేనివాళ్లనైనా చేర్చుకుంది. నైటింగేల్ కూడా 1853లో లండన్‌లోని ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత తీసుకునేటప్పుడు, అన్ని శాఖల, మతాల రోగులనూ చేర్చుకోవాలని, ఎవరి మతగురువు వాళ్ల దగ్గరికి రావచ్చని కమిటీతో పోరాడి ఒప్పించారు. భక్తి ఉన్నవాళ్లలో నేను గౌరవించేది ఈ రకాన్ని.

నమ్మకం లేనివాళ్లంతా ఆ అమ్మాయిలా ఉంటారని కాదు. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒక పేషెంటు చేతికున్న తాయెత్తును అడక్కుండా కత్తెరతో కత్తిరించి చెత్తడబ్బాలో వేసిన నర్సును చూశాను. 'ఇన్‌ఫెక్షన్' అంది. తీయాల్సిందే, నిజమే. అడిగి తీసి, కవర్లో పెట్టి, ఇంటివాళ్ల చేతికి ఇవ్వడానికి అర నిమిషం పట్టదు. ఆ మనిషి మత్తులోకి వెళ్లేదాకా చెత్తడబ్బా వైపే చూస్తూ ఉన్నాడు. తన అపనమ్మకాన్ని ఎదుటివాడి మీద రుద్దడం కూడా ఒక రకం మతబోధే.

రక్తం ఎక్కించుకోనని మతం కారణంగా నిరాకరించే యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ల దగ్గర ఇద్దరికీ పరీక్షే. వేరే మతం నర్సుకూ, మతం లేని నర్సుకూ ఆ నిర్ణయం లోపల గుచ్చుకుంటుంది. తెలివిలో ఉన్న, వయసొచ్చిన మనిషి అన్నీ తెలిసి వద్దంటే, ఆ 'వద్దు'ను చార్టులో స్పష్టంగా రాసి, అంతకుముందు ఎంత బాగా చూసుకున్నామో తర్వాత కూడా అంతే బాగా చూసుకోవాలి. పేషెంటు విలువలనూ ఆచారాలనూ ఆధ్యాత్మిక విశ్వాసాలనూ గౌరవించాలని అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళి చెబుతుంది. నర్సుకు విశ్వాసం ఉండాలని అందులో ఎక్కడా లేదు.

'పేషెంటు మతానికే చెందిన నర్సు అయితే మేలు కదా' అని కూడా అడుగుతారు. కొన్ని చోట్ల, ముఖ్యంగా చివరి ఘడియల్లో, భక్తి భాష కలవడం ఉపయోగమే. కానీ ఏ వార్డూ అలా నడవదు, నడవకూడదు కూడా. ఆ రాత్రి నేను ఆ పెద్దావిడ మతం దాన్నే. 'మతం ఊసే వద్దు, డ్యూటీ చేసి వెళ్లిపోదాం' అనేవాళ్లకు చెప్పేది ఒకటే: మీరు వద్దనుకున్నా పేషెంటు ఆ మాట ఎత్తుతాడు.

కాబట్టి చేరబోయే పిల్లలకు నా జవాబు ఇది. నమ్మకం ఉంటే దాన్ని మీ ఓపికకు ఇంధనంగా వాడుకోండి, పేషెంటుకు మందుగా ఇవ్వకండి. లేకపోతే సిగ్గుపడకండి, కానీ పేషెంటు నమ్మకం గురించి అడగడం నేర్చుకోండి. డాక్టర్ క్రిస్టీనా పుచాల్‌స్కీ తయారుచేసిన నాలుగు ప్రశ్నల పద్ధతిని నేను మా పిల్లలతో సాధన చేయిస్తాను: మీకు బలమిచ్చే నమ్మకం ఏమిటి, జబ్బు విషయంలో దానికి ఎంత ప్రాముఖ్యం ఉంది, మీకు తోడుగా నిలిచే సమూహం ఏదైనా ఉందా, ఈ విషయంలో మేం ఏం చేయాలి. అడిగాక నోరు మూసుకుని వినడమే కష్టం. భక్తి ఉన్న పిల్లలకు అది ఇంకొంచెం కష్టం, నాకు కష్టమైనట్టే.

రేపు నేనే ఆ మంచం మీద ఉంటే ఎవరు కావాలని అడిగితే, నా మతం నర్సును కోరుకోను. ఆ అమ్మాయినే కోరుకుంటాను.

మార్ఫిన్ పనిచేశాక, తెల్లవారుజామున పెద్దావిడ దిండు కింద నుంచి చిన్న ప్రార్థన పుస్తకం తీసి, కళ్లు ఆనడం లేదు, చదివిపెట్టమని ఆ అమ్మాయినే అడిగింది. నేను పక్క మంచం దగ్గర సెలైన్ బాటిల్ మారుస్తున్నాను. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. ఆ అమ్మాయి తెలియని మాటల దగ్గర తడబడుతూ, వెనక్కి వెళ్లి సరిగ్గా పలుకుతూ రెండు పేజీలు చదివింది. పెద్దావిడకు మధ్యలోనే నిద్రపట్టింది. అయినా ఆ ప్రార్థన పూర్తయ్యేదాకా చదివి, పుస్తకం మూసి, మళ్లీ దిండు కింద పెట్టి వచ్చింది.