ట్యాంకు ఎప్పుడూ ఫుల్‌గా ఉంచమనేవాళ్ల దగ్గర ఫ్యూయల్ సెల్ కొనకండి

మట్టి ట్రాక్ మీద కార్లు తిప్పే మన నల్లగొండ, పాలమూరు అన్నలు, తమ్ముళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హైదరాబాద్‌లో పాత రేసింగ్ సామాను అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. నిన్న సాయంత్రమే ఆయన దుకాణం నుంచి తిరిగొచ్చాను, రాత్రంతా నిద్ర లేదు, కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే ఏమనుకోకండి.

మాది పాత మారుతి ఎస్టీమ్ కారు. వెనక సీటు కింద ఉండే కంపెనీ ట్యాంకు తీసేసి డిక్కీలో ఫ్యూయల్ సెల్, అంటే రేసు కార్లకు వాడే పెట్రోలు ట్యాంకు, పెట్టించుకుందామని వెళ్లాం. కొత్తది కొనే స్తోమత లేదు. లోపల బ్లాడర్ అనే రబ్బరు సంచి, పెట్రోలు అటూ ఇటూ ఊగకుండా దాని నిండా ఫోమ్, పంపు, బిగింపు అన్నీ కలిపి 38 వేలు అన్నాడు. పైగా నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచి, డ్రైవర్‌తో, సగం పెట్రోలుతో ఎంత బరువు ఎక్కడ పడుతుందో రాసిన కాగితం కూడా ఇస్తానన్నాడు. ఇంకో చోట కూడా అడుగుదామని తమ్ముడు అన్నాడు, నేనే వినలేదు. బిల్లు కూడా అడగలేదు. ఫోన్‌పే కొట్టి బండి తెచ్చుకున్నాను.

బండి ఇచ్చేటప్పుడు ఆయన ఒక మాట మూడుసార్లు చెప్పాడు. "తమ్మీ, ట్యాంకు ఎప్పుడూ ఫుల్ ఉంచు. సగానికి రానియ్యకు." సరే అన్నా అని తలూపాను. ఎందుకు అని అక్కడే అడగాల్సింది. మనకు ఒక్కో రౌండు రెండు మూడు నిమిషాలే, ప్రాక్టీసుతో కలిపినా పది లీటర్లు దాటదు. నలభై లీటర్లు మోసుకుని తిరగమని ఎవరైనా ఎందుకు చెబుతారు?

లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు. 40 లీటర్లంటే 30 కిలోలు. 30 కిలోలే కదా అనుకోకండి, అది ఎక్కడ కూర్చుందన్నదే అసలు సంగతి. కంపెనీ ట్యాంకు వెనక ఇరుసుకు ముందు, సీటు కింద ఉంటుంది. డిక్కీలో పెడితే ఇరుసు దాటి వెనక్కి పోతుంది. ఎడ్లబండికి వెనక వైపు బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది చూడండి, అచ్చం అలాగే. ఎస్టీమ్‌ను లాగేవి ముందు చక్రాలు, వాటి మీద బరువు తగ్గితే మట్టిలో పట్టు పోతుంది, మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తోక విసురుతుంది. ఇదంతా నాకు తెలియనిది కాదు. ఆయన కాగితంలో ముందు చక్రాల మీద 520, వెనక చక్రాల మీద 320, మొత్తం 840 కిలోలు, ముందు 62 శాతం అని రాసుంటే చూసి నమ్మాను.

పైగా ట్యాంకు ఇలా వెనక డిక్కీలో పెట్టడాన్ని అమెరికా సెటప్ అన్నాడు. ఒహాయోలో ఎల్డోరా లాంటి గుడ్డు ఆకారపు మట్టి ట్రాక్ మీద కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి, లాగేవి వెనక చక్రాలు, అందుకే వాళ్లు కావాలనే ఎడమ వైపుకు, వెనక్కి బరువు జరుపుతారు. 1971 నుంచి అక్కడ జరిగే వరల్డ్ 100 రేసు 100 ల్యాపులు. మొదట్లో బరువుగా ఉన్న ట్యాంకు చివరికి తేలికవుతుంది కాబట్టి, ఆ మార్పును ముందే లెక్కలో వేసుకుని బండి సెట్ చేస్తారు. మన ఆటోక్రాస్‌లో, అంటే ఈ మట్టి ట్రాక్ రేసుల్లో, కుడికీ తిరగాలి, ఎడమకీ తిరగాలి, లాగేవి ముందు చక్రాలు. అక్కడి పద్ధతి ఇక్కడ ఎలా పనికొస్తుంది?

పోయిన వారం దేవరకొండ దారిలో మా బావ చెల్కలో ప్రాక్టీసు పెట్టుకున్నాం. శుక్రవారం ట్యాంకులో పది లీటర్లుంటే ప్రతి మలుపు చివర ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. ఫోన్ చేశాను. "ఫుల్ ఉంచమని చెప్పిన కదా" అని పెట్టేశాడు. ఆదివారం నలభై లీటర్లు నా చేతులతోనే పోశాను. రెండో రౌండు, ఎడమ మలుపు, తమ్ముడు యాక్సిలరేటర్ వదిలాడు, బండి వెనక భాగం ఒక్కసారిగా తిరిగి గట్టుకు కొట్టింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ట్యాంకులో గాలి ఆడే వెంట్ పైపు నుంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా ఎర్రమట్టి మీద కారుతోంది, వాడు లోపల బెల్టు బక్కల్ కోసం తడుముకుంటున్నాడు. చేతులు వణికి నాకు కూడా అది వెంటనే ఊడి రాలేదు. వాడికి భుజం కమిలింది, అంతే. అమ్మకు ఇంకా చెప్పలేదు.

బండిని డీసీఎంలో ఎక్కించి తెస్తూ దారిలో ఒక రైస్ మిల్లు దగ్గర లారీల కాటా కనబడితే దించాం. తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఒకసారి తూచాం. లారీల కాటా కాబట్టి 10 కిలోల లెక్కలోనే చూపిస్తుంది, ఒక్కో చక్రం బరువు దాని మీద తెలియదు. అయినా మొత్తం 940, ముందు 550. అంటే ముందు 58 చిల్లర శాతం. కాగితంలో లేని ఆ 100 కిలోలు ఎక్కడివని అక్కడే నిలబడి లెక్కేశాను. తమ్ముడు 70, పెట్రోలు 30. ఆయన ఖాళీ బండిని తూచి, డ్రైవర్‌తో తూచినట్టు రాసిచ్చాడు.

ఇంటికి తెచ్చి ట్యాంకు మూత విప్పాం. మూత పక్కన బ్లాడర్ మీద ఒక నల్ల టేపు అంటించి ఉంది, గోరుతో గీకితే కింద తయారైన సంవత్సరం కనబడింది, 2013. ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ లెక్క ప్రకారం ఈ బ్లాడర్లకు తయారైన తేదీ నుంచి 5 ఏళ్లే గడువు, తయారు చేసిన కంపెనీ మళ్లీ పరీక్షించి ముద్ర వేస్తే ఇంకో 2 ఏళ్లు. లోపలి ఫోమ్ రెండు వేళ్ల మధ్య నలిపితే జిగట పొడిలా రాలింది. ఆ పొడే పంపు జల్లెడకు మందంగా పట్టింది. పెట్రోలు తగ్గినప్పుడు మలుపులో అది ఒక పక్కకు పోతుంది, ఆపాల్సిన ఫోమ్ లేదు, పంపు గాలి పీలుస్తుంది. ఫుల్‌గా ఉంటే ఈ రోగం బయటపడదు. అందుకే ఆయన మూడుసార్లు చెప్పాడు. అంటే ఆయనకు ముందే తెలుసు.

నిన్న ఆ ఫోమ్‌ను స్టీలు డబ్బాలో వేసుకుని, కాగితం పట్టుకుని వెళ్లాను. డబ్బా మూత తీసి ముందు పెట్టాను. చూడలేదు. కాగితం చూపించాను. "డ్రైవర్‌ను కూర్చోబెట్టి ఎవరు తూస్తరు తమ్మీ? కాగితం కావాలన్నవ్, కాగితం ఇచ్చిన" అన్నాడు. టేపు సంగతి అడిగితే, "సంవత్సరం కనబడితే ఎవరన్న కొంటరా?" అన్నాడు. దాచాలన్న ఆలోచన కూడా లేదు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. లోపల నా తమ్ముడు ఉన్నాడన్నా, పెట్రోలు కారింది అన్నాను. ఆయన ఫోన్ లోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "బతికిండు కదా."

ఆ మాట తర్వాత నాకు నోట మాట రాలేదు. డబ్బా కూడా అక్కడే వదిలేసి వచ్చాను, మిగిలిన ఫోమ్ ఇంట్లో ఉంది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, బిల్లు అడగని, తేదీ చూడని, తమ్ముడి మాట వినని నా మీదే ఎక్కువ కోపంగా ఉంది.

పాత బ్లాడర్ కొంటే మూత విప్పించి తేదీ చూడండి, ఫోమ్ చేత్తో నలిపి చూడండి. కాటా పెట్టేటప్పుడు చదును నేల మీద, మీ డ్రైవర్ సీట్లో ఉండగా, మీరు నిజంగా పోసే పెట్రోలుతో, మీ కళ్ల ముందే పెట్టించండి. బిల్లు తీసుకోండి. నేను ఫోన్‌పే రసీదు, కాగితం, టేపు ఫొటోలు పట్టుకుని సోమవారం నల్లగొండలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. ఆయన దగ్గర ట్యాంకు కొన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం బండి ట్రాక్ మీదకు దించే ముందు ఆ మూత ఒకసారి విప్పి చూడండి.