ఇనప తీగల ఎలకబోను: కొనేముందు కొక్కెం చూడండి

విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు ఇనప సామాన్ల కొట్లలో దొరికే తీగల బోను ఇంటి ఎలకలకు ఇప్పటికీ మంచి సాధనమే. కాకపోతే కొట్లో వేలాడే బోనులన్నీ ఒక్కలా పనిచేయవు.

అక్కడే తలుపెత్తి బిగించి, లోపలి కొక్కేన్ని పెన్ను మొనతో మెల్లగా కదపండి. ఆ కాస్తకే తలుపు ఠపీమని పడాలి. గట్టిగా లాగితేగానీ పడని బోనైతే ఎలక ఎర తినేసి తాపీగా వెళ్ళిపోతుంది. పడ్డ తలుపును కింద నుంచి ఎత్తి చూడండి. సులువుగా లేచిందంటే స్ప్రింగు వదులు, బలిసిన ఎలక ముట్టెతో నెట్టుకుని పోతుంది. తీగల మధ్య సందు 6 మి.మీ. దాటితే చుంచులు జారిపోతాయి. ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి బీచ్ వైపు ఇళ్ళవాళ్ళు జింకు పూత ఉన్నదే తీసుకుని, తలుపు తిరిగే చోట కుట్టుమిషను నూనె చుక్క వేస్తుండాలి.

ఎరగా ఎండుచేప తలో, కాల్చిన కొబ్బరి ముక్కో చాలు. దారంతో కొక్కేనికి గట్టిగా కట్టండి. ఊరికే గుచ్చితే లాక్కుపోతుంది. పక్క తీగలకు దగ్గరగా ఉంటే బయట నుంచే కొరికేస్తుంది. బోనుని నడిగదిలో కాక, నల్లటి జిడ్డు మరకలు, పెంటికలు కనిపించే గోడ వారన పెట్టాలి. అసలు కిటుకు ఇంకొకటుంది. ఎలకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పైకి కట్టేసి, ఎర మాత్రం ఉంచండి. తినడం మరిగాక బిగించండి. చాలామంది ఇది చేయకుండా బోనుని తిడతారు.

గెడ్డల (కాలువల) పక్క ఇళ్ళలో తవ్వేది పందికొక్కు. దానికి పెద్ద సైజు బోను కావాలి.

బోనుకు బదులు జిగురు అట్ట పెడితే, దుమ్ము పడ్డాక పట్టదు, పైగా ఎలక గంటలకొద్దీ గింజుకుంటుంది, బల్లులూ చిక్కుతాయి. బ్రోమాడియోలోన్ అనే ఎలకల మందు బిళ్ళ తిన్న ఎలక కొన్ని రోజులకుగానీ చావదు. అది ఏ అటక మూలో అయితే కంపు భరించలేం. పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో అసలే వద్దు.

ఎలక పడ్డాక గ్లౌజులతోనే ముట్టుకోవాలి, దాని మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకొచ్చు. బోను సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరేయండి. వరసగా నాలుగైదు రాత్రులు ఎర ముట్టకపోతే అప్పుడు సింకు గొట్టం చుట్టూ ఉన్న కన్నంలో స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. ముందే మూసేస్తే లోపల మిగిలినది బయటకు పోలేదు.