ముప్పై ఏళ్ళ ఇనప బీరువా, బుడమేరు నీళ్ళ తర్వాత

ఇనప బీరువా కొనాలా అని ఎవరు అడిగినా ఇదివరకు తుప్పు కూడా పట్టదు, కళ్ళు మూసుకుని కొనుక్కోమనేదాన్ని. ఇప్పుడూ అదే అంటాను, కానీ కింది అర సంగతి చెప్పాకే.

1993లో నాన్న విజయవాడ గవర్నర్‌పేటలో కొని రిక్షాలో సింగ్‌నగర్ తెచ్చారు. దాని హ్యాండిల్ అంటే నాకు మహా ఇష్టం. తిప్పితే పైనా కిందా కడ్డీలు ఒకేసారి కదిలి టక్కుమంటాయి, ఆ చప్పుడు వినబడితే అమ్మ వంటింట్లోంచే "ఎవరే, ఏం కావాలి?" అనేది. అద్దం అంచున అమ్మ బొట్టుబిళ్ళలు వరసగా అంటించి ఉంటాయి. జిగురు పోయినవి కూడా పారేయదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయన్నారు, మోకాళ్ళ దాకా వచ్చి ఆగుతాయిలే అనుకున్నాం, చూస్తుండగానే నడుం దాటేసరికి కట్టుబట్టలతో మేడ మీదికి వెళ్ళిపోయాం. అయిదు రోజుల తర్వాత దిగి చూస్తే ఫ్రిజ్ తేలి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. బీరువా మాత్రం నిండుగా ఉండబట్టేమో, పెట్టినచోటే నిలబడి ఉంది. బురద గీత అద్దం సగానికి వచ్చింది. తలుపు బిగుసుకుపోయింది. బీరువాలు బాగుచేసే ఆయన సందుల్లో కిరసనాయిలు పోసి, తట్టి తట్టి, గంటసేపటికి తెరిచాడు.

పై అరలో మా టెన్త్ మార్కుల లిస్టులు, తమ్ముడి డిగ్రీ, ఇంటి దస్తావేజులు. చుక్క నీరు తగల్లేదు. మధ్య అరలో తమ్ముడి పిల్లల బట్టలు, ఉతికితే కొన్ని దక్కాయి. అమ్మవి కింది అరలో ఉన్నాయి. పెళ్ళి పట్టుచీర ఎరుపు దిగి పక్కనున్న తెల్ల మంగళగిరి చీరకంతా పట్టేసింది, విప్పబోతే మడతల దగ్గరే పిగిలిపోయింది. పుట్టింటివాళ్ళ ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. బురద వాసనలో కూడా కలరా ఉండల వాసన తెలుస్తూనే ఉంది. మా చదువుల కాగితాలో, పిల్లల బట్టలో కొత్తగా వచ్చినప్పుడల్లా అమ్మది ఒకటి కిందికి దిగిందని అప్పుడే నాకు తట్టింది. ఇన్నేళ్ళూ ఆ తలుపు నేనూ తెరిచాను, ఒక్కసారి కూడా గమనించలేదు.

పాత ఇనుముకు ఇచ్చేయమన్నారు అందరూ. మనసొప్పలేదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఫ్రిజ్‌కీ పరుపులకే సరిపోలేదు, బీరువాకు రెడాక్సైడ్ కొట్టించి రంగు వేయించడానికి నా చేతి డబ్బు పెట్టాను. తుప్పు పట్టదని నేను చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను, వానాకాలం రాగానే అడుగు అంచుల్లో మళ్ళీ పొక్కులు లేస్తున్నాయి. హ్యాండిల్ తిరుగుతుంది కానీ ఆ టక్కు లేదు.

సొంతిల్లు ఉండి, అందులోనూ మేడ మీద ఉండేవాళ్ళయితే నిశ్చింతగా కొనుక్కోండి. అద్దె ఇళ్ళు మారేవాళ్ళకి మోత ఖర్చే తడిసి మోపెడవుతుంది. మాలాగా పల్లంలో కింద ఉంటే కాళ్ళ కింద నాలుగు వరసల ఇటుకలైనా పెట్టండి, మేమూ అలాగే పెట్టాం.

మొన్న వెళ్ళినప్పుడు అమ్మ చీరలన్నీ పై అరలోకి మార్చి వచ్చాను. మళ్ళీ వెళ్ళి చూస్తే కిందే ఉన్నాయి. అడిగితే "పై అర నాకందట్లేదే" అంది.