మొదటి రోజు కుక్కలను కలపనే లేదు: ఇంటికి వచ్చే ట్రైనర్ గురించి నా మాట

ఈయనకు ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. మూడు ఇవ్వాలని కూర్చున్నదాన్ని, ఎందుకు మనసు మార్చుకున్నానో కింద రాశాను. పేరు మాత్రం రాయడం లేదు. ఆయన వల్ల జరిగిన పొరపాటును ఆయనే వచ్చి సరిచేశారు కాబట్టి నలుగురిలో పేరు పెట్టడం న్యాయం కాదు.

మాది హైదరాబాద్ సైనిక్‌పురిలో పాతకాలపు ఇల్లు. ముందు వరండా, వెనక జామచెట్టు, చుట్టూ ప్రహరీ. ఆ మొత్తానికి యజమాని జూలీ. దానికి తొమ్మిదేళ్లు. మేము పామెరేనియన్ అనుకుని తెచ్చుకున్నాం, పశువైద్యురాలు మాత్రం టీకాల పుస్తకంలో దానిలాగే కనిపించే స్పిట్జ్ జాతి అనే రాస్తారు. బరువు తొమ్మిది కిలోలు, దర్పం తొంభై కిలోలు. ఆషాఢంలో ముసురు పట్టిన వారం మా కారు కింద ఒక వీధికుక్క వచ్చి పడుకుంది. ఏడాది వయసుంటుందేమో, ఎముకలు లెక్కపెట్టవచ్చు, చెవుల నిండా గోమార్లు. రెండు రోజులు పాలు పోసిన మా అత్తయ్య, మూడో రోజు దాని రంగు చూసి బెల్లం అని పేరు కూడా పెట్టేశారు. పేరు పెట్టాక ఇక అది వీధికుక్క ఎలా అవుతుంది?

వైద్యురాలు గోమార్లకు మందిచ్చి, రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బు‌లకు కలిపి వేసే టీకా వేశారు. ఆ అంటుజబ్బులు బయటపడక ముందే కొన్ని రోజులు ఒంట్లో దాగి ఉంటాయి కాబట్టి పది రోజులు వెనక గదిలో విడిగా ఉంచమన్నారు. ఉంచాం. పదకొండో రోజు ఉదయం మావారు బెల్లాన్ని రెండు చేతులా ఎత్తుకుని హాల్లోకి తెచ్చి, "ఇదిగో జూలీ, నీ చెల్లెలు" అంటూ సరిగ్గా జూలీ ముఖం ముందు దింపారు. అక్కడే జూలీ అన్నం గిన్నె ఉంది, జూలీ పరుపు ఉంది, కుర్చీలో నేనూ ఉన్నాను. మొరుగుడు కూడా వినపడలేదు. కళ్లు మూసి తెరిచేలోగా బెల్లం చెవి అంచు చీలిపోయి, గోడ మీద రక్తపు చుక్కలు పడ్డాయి. అత్తయ్య చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే విడిపోయాయి. చేతులు అడ్డం పెట్టకుండా ఆవిడ చేసిన ఆ పనే మంచిదని తర్వాత తెలిసింది.

చెవికి కట్టు కట్టించడానికి వెళ్లినప్పుడు అక్కడి కాంపౌండర్ ఇచ్చిన నంబరు ఈ ట్రైనర్‌ది. మూడుసార్లు ఇంటికి వస్తారు, సారికి రెండు వేలు.

మొదటిసారి పది గంటలకు వస్తానని పది యాభైకి వచ్చారు. ఫోను ఎత్తలేదు. వచ్చాక కుక్కల వైపు చూడనైనా చూడలేదు. ముందు టీకాల పుస్తకాలు అడిగారు. తర్వాత ఇల్లంతా తిరిగారు. గిన్నెలు ఎక్కడ, నీళ్లు ఎక్కడ, జూలీ ఎవరి మంచం కింద పడుకుంటుంది, హాలు నుంచి వంటింటికి దారి ఎంత వెడల్పు, ఇలాంటివి చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు. సోఫా కింద నుంచి జూలీ రబ్బరు బంతులు, నమిలిన చెప్పు, ఒక ఎండు ఎముక తీయించి సంచిలో వేయించారు. "రెండూ ఆడవేనా మేడమ్?" అని అడిగి, ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కల మధ్య పగ ముదిరితే దించడం చాలా కష్టమని, అందుకే తొందర వద్దని చెప్పారు. గంటన్నర అయింది. కుక్కలు ఒకదాన్నొకటి చూడనే లేదు. చెప్పులు వేసుకుంటున్న ఆయన్ని "మరి ఎప్పుడు కలుపుతారు?" అని అడిగితే, "ఐదు రోజులు కలపకపోవడమే ఈరోజు పని" అన్నారు.

రెండు వేలు ఇచ్చేటప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలుసు.

ఆ ఐదు రోజులకు ఆయన చెప్పింది ఒక తువ్వాలు, ఒక గేటు. పాత నూలు తువ్వాలుతో బెల్లం మెడా, వీపూ రుద్ది జూలీ తిరిగే చోట వేయాలి. జూలీ తువ్వాలు బెల్లం గదిలో వేయాలి. బెల్లం తన వంతు తువ్వాలును ఆనందంగా కప్పుకుని పడుకుంది. జూలీ మొదటి రోజు దాన్ని పళ్లతో ఈడ్చుకెళ్లి వరండా మెట్ల మీద పడేసి వచ్చింది, మునిసిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోతారని కాబోలు. రెండో రోజూ అంతే. మూడో రోజు వాసన చూసి వదిలేసింది. నాలుగో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దాని మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. నా రెండు వేలు కాస్త గిట్టుబాటు అయినట్టు అనిపించింది అప్పుడే.

గేటు కథ వేరు. పసిపిల్లలు మెట్లు ఎక్కకుండా గుమ్మానికి బిగించే ఇనుప ఊచల గేటు ఉంటుంది కదా, అది ఆన్‌లైన్లో 2,850 రూపాయలకు తెప్పించాం. గోడకు చిల్లులు పెట్టనక్కర్లేదు, నాలుగు మూలలా మరలు తిప్పి గుమ్మానికి ఒత్తితే నిలబడుతుందని పెట్టె మీద బొమ్మలు వేసి మరీ చూపించారు. బొమ్మలో గడప లేదు. మా గుమ్మానికి ఉంది, పసుపు రాసి బొట్లు పెట్టిన నికార్సైన టేకు గడప. గేటు అడుగు కమ్మీ దాని మీద కూర్చోదు, పక్కకు జరిపితే కింద జానెడు సందు. చివరికి వడ్రంగి వచ్చి గడప పక్కన చెక్క ఒకటి పేర్చి నాలుగు వందలు తీసుకున్నాడు. ఆ కమ్మీ తగిలి అత్తయ్య ఒకసారి తూలారు కూడా. పెద్దవాళ్లున్న ఇంట్లో దానికి ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. బెల్లానికి ఆ గేటు ఎత్తు ఒక లెక్క కాదు, తలచుకుంటే దూకేస్తుంది. అందుకని ట్రైనర్ చెప్పినట్టు మొదటి రోజుల్లో పాత దుప్పటి కప్పాం. దుప్పటి దూకకుండా ఆపడానికే కాదు, ఊచల్లోంచి ఒకదాన్నొకటి రెప్పవేయకుండా చూసుకోవడం పోట్లాటకు మొదటి మెట్టు అట. రోజుకు కొంచెం కొంచెంగా దుప్పటి పైకి మడిచాం.

ఇక రెండోసారి రాక. ఈయన విలువ నాకు తెలిసింది ఆ రోజే. కొత్త కుక్కను, పాత కుక్కను ఇంట్లో కాకుండా ఎవరిదీ కాని చోట కలపాలని నేనూ విన్నాను. మన ఊళ్లలో ఎవరిదీ కాని చోటు ఎక్కడుంది? ప్రతి సందుకూ నాలుగు వీధికుక్కల పహరా ఉంటుంది. కొత్త ముఖం కనపడగానే మొదటి స్తంభం దగ్గరే పంచాయితీ మొదలవుతుంది. ఆయన ముందు రోజు సాయంత్రమే బండి మీద మా చుట్టుపక్కల తిరిగి, రెండు వీధుల అవతల గోడ ఉన్న బడి మైదానం చూసి, ఆదివారం పొద్దున్న వాడుకోవడానికి కాపలాదారును అడిగి పెట్టుకున్నారు. దానికి వేరే డబ్బు అడగలేదు.

ఆరు కాకముందే వెళ్లాం. జూలీ ఆయన చేతిలో, బెల్లం నా చేతిలో. మధ్యలో పదిహేను అడుగుల దూరం ఉంచి, ఇద్దరం ఒకే దిక్కుకు నడవడం. ఎదురెదురుగా రావడం లేదు, ఆగడం లేదు. నేను భయంతో లీషు తాడును అరచేతికి మూడు చుట్లు చుట్టుకున్నాను. ఆయన వచ్చి ఒక్కో చుట్టూ విప్పి, "మీ చేతిలో బిగువు దాని మెడకు తెలుస్తుంది మేడమ్, సంచి మోస్తున్నట్టు పట్టుకోండి" అన్నారు. అరగంటలో పదిహేను అడుగులు ఐదయ్యాయి. బెల్లం వెళ్లిన చోట జూలీ నేల వాసన చూస్తూ వెనక నడిచింది.

తోకలు చూడమని అందరూ చెబుతారు. జూలీ తోక సంతోషమైనా కోపమైనా వీపు మీద చుట్ట చుట్టుకునే ఉంటుంది, దాన్ని చూసి ఏం తెలుసుకుంటాం? ఆయన మూతి చూడమన్నారు. నోరు వదులుగా తెరిచి ఉంటే సరే. టక్కున మూసుకుని, నాలుక ఒక్కసారి ముక్కు మీదికి వచ్చి పోయి, ఒళ్లు బొమ్మలా నిలిచిపోతే వెంటనే పిలిచి పక్కకు నడిపించాలి. వాసన చూసుకోవడానికి మూడు అంకెలు లెక్కపెట్టేంత సమయమే. ఒకటి, రెండు, మూడు, "జూలీ, రా". వస్తే చిన్న పనీర్ ముక్క. అలా నాలుగైదుసార్లు అయ్యాక బెల్లం ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, ఆటకు రమ్మని వంగింది. జూలీ తల తిప్పేసుకుంది. "ఆడకపోయినా ఫర్వాలేదు, మర్యాదగా కాదన్నది కదా" అన్నారాయన. తిరిగి వచ్చేటప్పుడు రెండింటినీ అలాగే పక్కపక్కన నడిపించి, ప్రహరీ గేటు దగ్గర ఆగకుండా ఒకేసారి ఇంట్లోకి తీసుకెళ్లాం.

ఇంట్లో జూలీ గుర్రుమన్నప్పుడల్లా మావారు గదమాయించేవారు. అది మానమన్నారు ట్రైనర్. గుర్రుమనడం హెచ్చరిక. ఆ నోరు నొక్కేస్తే మరోసారి హెచ్చరిక లేకుండానే కాటు పడుతుంది. మావారికి ఈ మాట నచ్చలేదు, కానీ పాటించారు. అత్తయ్య మాత్రం ఒకరోజు రెండింటి మధ్యకు ఒకే చపాతీ ముక్క విసిరారు, పంచుకుని తింటాయని. పళ్లు గాలిలో టకటకమన్నాయి, అదృష్టం కొద్దీ ఏమీ తగల్లేదు. అప్పటి నుంచి పెరుగన్నమైనా, బిస్కెట్ అయినా రెండు గదుల్లో రెండు గిన్నెలు, తలుపులు వేసి.

ఇప్పుడు ఆ పోయిన నక్షత్రం గురించి. మూడోసారి ఆయన రాలేదు, ఇరవై ఏళ్ల కుర్రాడిని పంపారు. అతనికి ముందు రెండు రోజుల్లో ఏం చేశామో తెలియదు. నోటుబుక్కు చూడలేదు. హాల్లో జూలీ గుర్రుమనగానే గట్టిగా అరిచి పట్టీ పట్టి ఒక్క గుంజు గుంజాడు. అది కీచుమని నా కాళ్ల మధ్యకు వచ్చేసింది. పది నిమిషాల్లో అతన్ని పంపించేశాను. ఇంతలో ఎనిమిది పాఠాల కొత్త ప్యాకేజీ తీసుకోమని ఫోనుకు సందేశం! నాకు ఒళ్లు మండింది. ఫోను చేసి చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాను. ఆయన ఎదురు వాదించలేదు. మూడో విడత డబ్బు తీసుకోలేదు సరికదా, తర్వాతి గురువారం స్వయంగా వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఇంటినిండా పేరంటాళ్లు వస్తారని చెబితే, ఆ రోజు ఏ కుక్కకూ పరీక్ష పెట్టవద్దని, చెరొక గదిలో ఉంచి, కొబ్బరిచిప్ప ఇచ్చి మర్చిపొమ్మన్నారు. అలాగే చేశాం. ఆ రోజు మా ఇంట్లో రెండో కుక్క ఉన్నట్టే చాలామందికి తెలియదు. నాలుగో రాక డబ్బు నేనే బలవంతంగా ఇచ్చాను.

మొత్తం లెక్క: ట్రైనర్‌కు ఆరు వేలు, గేటుకూ వడ్రంగికీ కలిపి 3,250. రసీదు ఇవ్వరు, అడిగితే వాట్సాప్‌లో రాసి పంపుతారు. చెప్పిన సమయానికి రారు. మూడు రోజుల్లో రెండు కుక్కలూ కౌగిలించుకుని పడుకోవాలనుకునేవాళ్లు పిలవవద్దు, ఆయన అలాంటి మాట ఇవ్వరు. కొత్తగా వచ్చిన కుక్కకు ఇల్లు అలవాటు కావడానికి మూడు నెలల దాకా పట్టవచ్చని మొదటిరోజే చెప్పారు. పిలిస్తే మాత్రం ఆయనే రావాలని, మనిషిని పంపకూడదని ముందే మాట్లాడుకోండి. పోట్లాట జరగక ముందే పిలవండి. బెల్లం చెవి అంచు ఇప్పటికీ చీలికగానే ఉంది.

ఇది రాస్తున్నది రెండు నెలలకు. ఇద్దరూ అత్తయ్య మంచం కిందే పడుకుంటున్నారు, ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు. మేము బయటికి వెళితే మాత్రం ఇంకా గేటు వేస్తున్నాం. ఆ గేటుకు విడిగా రెండు నక్షత్రాలు. కొనేముందు మీ గుమ్మం వెడల్పే కాదు, గడప ఎత్తు కూడా కొలుచుకోండి.