ఇసకపల్లి ఉప్పు మడుల నుంచి ఉదయగిరి బీళ్ల దాకా: పక్షుల కోసం నెల్లూరు యాత్ర

శీతకాలం మొదలైతే చాలు, ‘ఒక్క రోజులో పులికాట్, నేలపట్టు, ఉదయగిరి బీళ్లు’ అంటూ పక్షుల యాత్రల ప్రకటనలు కనిపిస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మూడింటినీ ఒక్క రోజులో చూపిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి. పులికాట్ దక్షిణాన తమిళనాడు సరిహద్దులో ఉంది. ఉదయగిరి మెట్ట పశ్చిమాన వెలిగొండల కింద ఉంది. రెండు చోట్లా పక్షులు బాగా కనిపించేది తెల్లవారిన రెండు మూడు గంటల్లోనే. ఆ సమయం కారులో గడిచిపోతే మిగిలేది ఎండ, దుమ్ము. తీరానికి ఒక రోజు, మెట్టకు ఇంకో రోజు పెట్టుకోండి. తీరంలోనూ ఉప్పు మడులు, పులికాట్ వేర్వేరు ఉదయాల్లో చూస్తే ఇంకా మంచిది. అక్క, బావ, నేను అలాగే తిరిగాం. బావకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఎంత దూరం నడవాలి, ఎక్కడ కూర్చోవచ్చు అన్నవి కూడా చూసుకుంటూ వెళ్లాం.

మొదట ఇసకపల్లి. నెల్లూరు నుంచి అల్లూరు మీదుగా వెళ్లాలి. పక్షుల పటాల్లో పెద్దగా పేరు లేని ఊరు. నాకు మాత్రం ఈ యాత్రలో అన్నిటికన్నా తృప్తినిచ్చిన చోటు ఇదే. ఉప్పు నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండకు ఇంకనిస్తారు కాబట్టి ఒక్కో మడిలో ఒక్కో లోతు, ఒక్కో ఉప్పదనం. పక్షులు ఆ లోతులను బట్టి చోట్లు పంచుకుంటాయి. కాస్త నీళ్లున్న మడిలో గులాబీ రంగు కాళ్ల పొడుగుకాళ్ల ఉల్లంకులు, తడి బురదలో సముద్రపు ఉల్లంకులు, నీరింకిన అంచుల్లో స్టింట్‌లనే బుల్లి పిట్టలు. స్టింట్ బరువు మామూలుగా ముప్పై గ్రాములకు మించదు. ఎక్కడో ఉత్తర ధ్రువానికి దగ్గరి టండ్రాలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇంత దూరం వచ్చి మన ఉప్పు మడిలో పురుగులు ఏరుకుంటుంది. కుట్టు మిషను సూది ఆడినట్టు దాని ముక్కు బురదలో దిగి లేస్తుంటే అక్క చాలాసేపు దుర్భిణి దించలేదు.

ఇక్కడ మాకు దారి చూపిన కుర్రాడు ఉప్పు పని చేసే కుటుంబంవాడు. కారు దిగగానే పక్షుల పేర్లు అప్పజెప్పడం మొదలుపెట్టలేదు. ముందు మడి దగ్గర పనిచేస్తున్న పెద్దాయన దగ్గరికెళ్లి, ‘వీళ్లు పిట్టల్ని చూడటానికి వచ్చారు పెదనాన్నా, ఈ గట్టు మీద పోవచ్చా?’ అని అడిగాడు. ఆయన వేరే గట్టు చూపించాడు. తర్వాత మాతో, ‘గట్టు దిగకండి సార్. గట్టు మీద నడిస్తే అవి మేస్తూనే ఉంటాయి. మడిలో కాలు పెట్టామంటే గుంపు మొత్తం లేచిపోతుంది’ అన్నాడు. అంతకుమించిన శిక్షణ ఏ గైడుకూ అక్కర్లేదనిపించింది. ఇంగ్లీషు పేర్లు కొన్ని తప్పు చెప్పాడు, నిజమే. పేరు పుస్తకంలో చూసుకోవచ్చు. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి అంత సులువుగా దొరకడు.

నేలపట్టు వేరే రకం అనుభవం. 2022లో జిల్లాలు విడిపోయాక నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా నెల్లూరు వాళ్ల నోట ఇంకా అవి మనవే. జాతీయ రహదారి మీద దొరవారిసత్రం దగ్గర మళ్లితే కాసేపట్లో చెరువు వస్తుంది. నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. దక్షిణ భారతంలో ఇవి గుడ్లు పెట్టే పెద్ద స్థావరాల్లో ఇదొకటి. కట్ట మీద నడక తక్కువ, నీడ ఉంది, చూడటానికి టవర్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, పిల్లలకూ ఇంతకన్నా అనువైన చోటు లేదు. గూడబాతు పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి, ఇంచుమించు మెడ దాకా, దూర్చి చేపలు లాక్కుంటుంది. పెద్దవి చడీచప్పుడు లేకుండా కూర్చుంటే గోలంతా పిల్లలదే. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్లు పొలాలకు ఎరువులాంటివని ఊరివాళ్ల నమ్మకం. అందుకే ఇన్నేళ్లుగా గూళ్ల జోలికి ఎవరినీ పోనివ్వలేదు. ఇక్కడ ప్రైవేటు గైడు అవసరం లేదు. అటవీ శాఖ కాపలాదారుల్లో స్థానికులను పలకరిస్తే చాలు. ఏ చెట్టు మీద ఈ వారం పిల్లలు లేచాయో వాళ్లకు తెలుసు.

పులికాట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒడిశాలోని చిల్కా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు దీన్ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఆ రోడ్డు వల్ల నీటి పారుదల తగ్గి, ఉత్తర భాగం వేసవిలో ఎండిపోతోంది. చూడటానికి వచ్చేవాళ్లకు మాత్రం ఆ రోడ్డే వరం. ఒక కిటుకు చెబుతాను. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుగా నడుస్తాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద దాదాపు రోజంతా మంచి వెలుగు పడుతుంది. దక్షిణం వైపు చూస్తే నీడలు తప్ప రంగులు కనిపించవు. పది దాటాక మాత్రం ఎటు చూసినా నీటి మీద ఎండ ఆవిరి అలలాడి, టెలిస్కోపు ఉన్నా లాభం లేదు.

పడవ యాత్ర కట్టిన ఒక సంస్థతో మాకు జరిగింది రాయక తప్పదు. ఫ్లెమింగోల గుంపు దూరాన కనబడగానే పడవ నడిపే అతను ఇంజను పెంచి నేరుగా గుంపు మీదికి పోనిచ్చాడు. ‘ఎగిరితేనే సార్ రెక్కల్లో ఎరుపు ఫొటోలో పడేది’ అన్నాడు. వందల పక్షులు ఒక్కసారిగా లేచాయి. బావ ‘ఆపవయ్యా, ఆపు’ అని అరిచేదాకా అతను ఆపలేదు. అవి రోజంతా తల కిందులుగా ముంచి, నీళ్లు వడగట్టి, చిన్న చిన్న జీవులను ఏరుకుంటేగానీ కడుపు నిండని పక్షులు. ప్రతి పడవా ఒకసారి లేపితే వాటికి మేత ఎప్పుడు, విశ్రాంతి ఎప్పుడు? ఆ రోజు చెల్లించిన డబ్బు నాకు ఇప్పటికీ బాధే. పడవ ఎక్కాలనుకుంటే భీములవారిపాళెం వైపు గడ వేసి నడిపే చిన్న పడవ అడగండి, గుంపుకు ఎంత దూరంలో ఆపుతారో ముందే మాట తీసుకోండి.

మర్నాడు పడవ జోలికి పోకుండా రోడ్డు మీద ఒక ఉపాధ్యాయుడితో నిలబడ్డాం. సెలవు రోజుల్లో ఆయన పక్షులు చూపిస్తుంటారు. టెలిస్కోపు బిగించి, ‘ఒక్క పక్షినే చూడండమ్మా, గుంపును వదిలేయండి’ అని అక్కతో అన్నారు. అప్పుడు తెలిసింది ఫ్లెమింగో ఏం చేస్తుందో. ముక్కు ఒకచోటే ఉంచి, దాని చుట్టూ కాళ్లతో బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. అది కదిలి వెళ్లాక నీళ్లు తగ్గిన చోట గుండ్రటి గుంటలు మిగులుతాయి. వేగంగా పరుగెత్తే పడవలో నుంచి ఇది ఎన్నేళ్లు తిరిగినా కనబడదు.

ఇక మెట్ట. తీరానికి వచ్చేవాళ్లలో పదోవంతు కూడా ఇటు రారు, అది వాళ్ల నష్టం. వింజమూరు, ఉదయగిరి దాటి పామూరు వైపు వెళ్తుంటే గొర్రెలు మేసే బోడి నేలలు, ఎర్ర గులకరాళ్లు, అక్కడక్కడ తుమ్మ, రేగు కంపలు. మాకు దారి చూపిన ఆయన గొర్రెల కాపరి కుటుంబంలో పుట్టినవాడు. చీకటి విడవకముందే ఒక నీటిగుంటకు బాగా ఎగువన కంప చాటున కూర్చోబెట్టి, ‘మాట్లాడకండి, లేవకండి, అవే వస్తాయి’ అన్నాడు. పొద్దెక్కాక కొంతసేపటికి పొలంక పిట్టలు (ఇంగ్లీషులో శాండ్‌గ్రౌజ్) గుంపులుగా వాలాయి. ముక్కు ముంచి, గబగబా తాగి, మళ్లీ లేచిపోయాయి. పిల్లలున్న కాలంలో మగపిట్ట పొట్ట ఈకలను నీళ్లలో తడిపి గూటికి తీసుకెళ్తుందట. పిల్లలు ఆ ఈకల్ని చప్పరించి దప్పిక తీర్చుకుంటాయి. గుంట పక్కన మనిషి కనబడితే గుంపు మొత్తం నీళ్లు తాగకుండానే వెళ్లిపోతుంది కాబట్టి ఆయన పెట్టిన దూరం సరైనదే.

తర్వాత అదే నేలలో తీతువులు, భరతపక్షులు, పాలపిట్టలు, నేలకు ఆనుకుని ఎగిరే పిల్లిగద్దలు కనిపించాయి. పిల్లిగద్దలు కజకిస్థాన్ లాంటి దేశాల గడ్డి మైదానాల నుంచి చలికాలానికి వస్తాయి, రాత్రి గడ్డిలో నేల మీదే నిద్రపోతాయి. వాటికి చెట్లు అక్కర్లేదు, బయలు కావాలి. మన రికార్డుల్లో ఇలాంటి నేలకు బంజరు అని పేరు. అందుకే ఎక్కడ చూసినా జామాయిల్, సుబాబుల్ తోటలు పాకుతున్నాయి. మా కాపరి ఒక తోటను చూపించి, ‘నా చిన్నప్పుడు ఇదంతా పూరేడు, కౌజు పిట్టలే అన్నా’ అన్నాడు. పచ్చగా కనబడే ఆ తోటలో మాకు ఒక్క కౌజు పిలుపు కూడా వినబడలేదు. మొక్క నాటితే మంచే జరుగుతుందని ప్రతిచోటా అనుకోవడం ఈ నేలలకు నిజంగా చేటు చేస్తోంది.

కలివికోడిని చూపిస్తామని రాత్రి యాత్ర ఆశపెట్టేవాళ్లను నమ్మకండి. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ పేరుతో ఇంగ్లీషులో పిలిచే పక్షి అది. చాలాకాలం అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. ఏళ్ల తరబడి వెతికిన శాస్త్రవేత్తలకే దొరకడం కష్టమైనది, టార్చిలైటు వేసుకుని వెళ్తే ఎదురు రాదు. పైగా అభయారణ్యంలో రాత్రి తిరగడానికి అటవీ శాఖ అనుమతి కావాలి.

బసలు, ఖర్చుల సంగతి. తీరానికి సూళ్లూరుపేటలో ఉంటే తెల్లవారుజామున దూరం కలిసొస్తుంది. లాడ్జీలు సాదాగా ఉన్నా శుభ్రమే. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లోనూ, ఫ్లెమింగో పండుగ రోజుల్లోనూ గదులు దొరకవు. ప్రయోగం వేళ రోడ్డు మీద ఆంక్షలు కూడా ఉంటాయి. చెన్నై నుంచి లోకల్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది. నెల్లూరులో గదులు, కారందోశ, చేపల పులుసు అన్నీ బాగుంటాయి, కానీ నాలుగింటికే లేవాలి. మెట్టకు ఆత్మకూరులో ఆగాం. గది పరవాలేదు, నీళ్లు వేళకు వచ్చాయి. ఉదయగిరి దాటాక ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరకడం కష్టం, దారిలో పెట్రోలు బంకులో ఆగడం ముందే అనుకోండి. ఖర్చులో సగానికి పైగా కారు బాడుగకే పోతుంది. డ్రైవరుకు హారన్ కొట్టవద్దని బయల్దేరేటప్పుడే చెప్పండి.

గైడు సొమ్మును సంస్థకు ఇచ్చే మొత్తంలో కలపనివ్వకండి. ఉప్పు మడుల కుర్రాడికీ, కాపరికీ నేరుగా మా చేతులతోనే ఇచ్చాం. మధ్యలో సంస్థ ఉంటే వాళ్లకు ఎంత చేరుతుందో మనకు తెలియదు. ఇంకొక్క మాట: ఈశాన్య రుతుపవనాల వానలు సరిగా పడని ఏడాది నేలపట్టు చెరువులో నీళ్లుండవు, గూడబాతులూ గూళ్లు కట్టవు. కారు మాట్లాడుకునే ముందే దొరవారిసత్రంలో ఎవరినైనా చెరువు నిండిందో లేదో అడగండి. నిండకపోతే ఆ ఉదయాన్ని ఇసకపల్లికి మార్చుకోండి.